నీళ్లలో నానేసిన గొడ్డలి

నేను గొడ్డలిని దాటాను కాబట్టే నా మొగుడి కాలు తెగిందని మా ఊళ్లో అందరూ చెప్పుకుంటారు. చర్ల వైపున్న మా చుట్టాలు చెప్పుకుంటారు. ఖమ్మంలో మా ఆడబిడ్డ ఉండే వీధిలోనూ చెప్పుకుంటారు. ఆ రోజు అక్కడ లేనివాళ్లయితే ఇంకా బాగా చెబుతారు. వాళ్ల కథలో నేను కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, కిందికి చూసి మరీ, కావాలని దాటాను. ఒకావిడ నా కాలి వేలు అంచుకు తగిలిందని, అప్పుడే ఇనుము కన్ను తెరిచిందని చెప్పిందట. ఇనుముకు కన్నుందో లేదో నాకు తెలియదు. ఆవిడ తన కళ్లతో ఏమీ చూడలేదని మాత్రం తెలుసు.

దాటిన మాట నిజమే. దాచుకోవడానికి నాకేం అవసరం? గొడ్డలి పంచలో గడపకు అడ్డంగా పడి ఉంది. నా రెండు చేతుల్లో బియ్యం గిన్నె ఉంది. దాటకపోతే ఎగరాలా? కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆ ఇంట్లో నేను పార దాటాను, కొడవలి దాటాను, పడుకున్న పిల్లిని దాటాను, కాళ్లు చాపుకుని కూర్చున్న మా అత్తను కూడా దాటాను. ఆమె కాళ్లు ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి.

నా మొగుడి కాలు తీసింది నీళ్లు. చెబితే ఎవరూ వినరు. అందుకే రాస్తున్నాను.

మా ఊరు భద్రాచలం నుంచి చర్ల పోయే దారి వదిలి లోపలికి ఉంటుంది. ఒక పక్క మిర్చి చేలు, ఇంకో పక్క అడవి. ఖమ్మంలో బీఎస్సీ చదివి, బోటనీలో మంచి మార్కులు తెచ్చుకుని, నేను ఈ ఊరికి కోడలిగా వచ్చాను. నా చదువుకు ఇక్కడ దొరికిన గౌరవం ఏమిటంటే, కూరలో ఉప్పు ఎక్కువైతే "బోటనీ కదా" అని నవ్వడం.

ఆ గొడ్డలి మా మామయ్యది. ఆయనకు గొడ్డలి అంటే పిచ్చి అనను, పట్టింపు అంటాను. పని అయ్యాక అంచు గోడ వైపు తిప్పి పెట్టేవాడు. పట్టుకునే ముందు కామను, అంటే చేతిలో ఉండే కర్రను, పైనుంచి కిందికి నిమిరి చూసేవాడు, ఎక్కడైనా చీలిక వచ్చిందేమోనని. ఆయన కట్టెలు కొడుతుంటే కోడి కూడా ఆ వైపు పోకూడదు.

"గొడ్డలికి ముంగట మనిషి ఉండద్దు, ఎనక మనిషి ఉండద్దు" అనేవాడు నాతో. "పక్కకుండి మాట్లాడు, ఎంతసేపైనా మాట్లాడు. నువ్వెట్లాగూ ఆగవు గద."

ఆయన పోయే ముందు చలికాలంలో అడవి అంచు నుంచి తిరుమాను కొమ్మ ఒకటి తెచ్చాడు. గట్టి కర్ర, దెబ్బకు వంగుతుంది కానీ విరగదు. దాన్ని తనే చెక్కి కొత్త కామ చేశాడు. పచ్చికర్ర అప్పుడే ఎక్కించకూడదని పొయ్యి పైన అటక మీద పెట్టాడు. పొగకు నెమ్మదిగా ఆరాలట. నా మొగుణ్ణి పిలిచి చూపించాడు.

"పాతదాని పని అయిపోయిందిరా. ఎండలు ముదరకముందే ఇది ఎక్కియ్యి."

ఎండలు ముదరకముందే ఆయనే పోయాడు.

మా అత్తగారింట్లో ఒక పట్టు ఉంది. మనిషి పోతే, సంవత్సరీకం అయ్యేదాకా ఆ మనిషి వాడిన పనిముట్టుకు కర్ర మార్చరు. ఆ కర్ర మీద ఆయన చెయ్యి ఇంకా ఉంటుందట. మార్చితే ఉన్న చేతిని తోసేసినట్టట. ఈ మాట విన్నప్పుడు నేనూ వెళ్లి ఆ కర్ర పట్టుకుని చూశాను. మామయ్య అరచేతి చోట ఆ కర్ర నిజంగానే నున్నగా, నల్లగా, కొద్దిగా గుంటపడి ఉంది. చెయ్యి పెడితే వేళ్లు వాటంతటవే సర్దుకునేవి. కాబట్టి ఆ పట్టును నేను వెక్కిరించడం లేదు. ఏడవాలనిపిస్తే ఏడవండి, దండం పెట్టాలనిపిస్తే గోడకు ఆనించి దండం పెట్టండి. దాంతో కట్టెలు మాత్రం కొట్టకండి. నేనన్నది అంతే.

వానాకాలం అంతా గొడ్డలి తల, అంటే కామ కొసన ఉండే ఇనుము, బాగానే నిలిచింది. గాలిలో తేమకు కర్ర ఉబ్బి ఉంటుంది. చలి పోయి మిర్చి కోతలు మొదలయ్యేసరికి తల ఊగడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం చూస్తే, ముందు రోజుల్లాగే, నా మొగుడు గొడ్డలిని తలకిందులుగా నీళ్ల బకెట్‌లో నిలబెడుతున్నాడు.

"ఏందయ్యా, గొడ్డలికి తానం పోస్తున్నవా?"

"నానితే బిగుస్తది."

"అవ్, బిగుస్తది. పొద్దుగాల బిగుస్తది. ఎండకు ఆరినంక నిన్నటికంటే ఎక్కువ ఊగుతది. ఇనుము పెరగదు గద. ఉబ్బిన కర్ర లోపల్నే నలిగిపోతది. ఆరినప్పుడు ముందున్నంత గూడ ఉండదు."

"నీ బోటనీ నాకెందుకే. మా నాయన గూడ నానేసెటోడు."

"మామయ్య ఎప్పుడో ఒకసారి నానేసిండు. నువ్వు దినాం నానేస్తున్నవ్. అటక మీద కొత్త కామ పెట్టి పొయ్యిండు గద, అదేమన్న అలంకారమా?"

లోపలి నుంచి మా అత్త గొంతు వచ్చింది. "ఏడాది తిరగనియ్యరాదే పిల్లా. ఆయన చెయ్యి దానిమీదున్నది. అంత తొందరేంది నీకు?"

నా మొగుడు నా వైపు చూసి, తల్లి గొంతు వచ్చిన వైపు చూసి, బకెట్‌లో ఇంకో చెంబు నీళ్లు పోశాడు. అతని జవాబు ఎప్పుడూ అంతే. మాట్లాడడు, నీళ్లు పోస్తాడు.

ఇక్కడ ఇది మా ఒక్క ఇంటి తెలివి కాదని ఒప్పుకోవాలి. మా ఊళ్లో ఏ పంచలోకి వెళ్లి చూసినా, ఎండాకాలం సాయంత్రాలు పారలు, సుత్తులు, గొడ్డళ్లు బకెట్లలో తలలు ముంచుకుని ఉంటాయి. పొద్దున తీస్తే రాయిలా బిగిసి ఉంటాయి. చేతికి బిగువు తెలుస్తుంది, మనసుకు ధైర్యం వస్తుంది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆ బిగువు ఎటు పోతుందో ఎవరూ చూడరు.

సంవత్సరీకం ముందు రోజు. వచ్చేవాళ్లకు వంట బయట పొయ్యిల మీద చెయ్యాలని అనుకున్నాం. గట్టు మీద గాలికి పడిన తుమ్మ చెట్టు మొద్దులు వాకిట్లో ఉన్నాయి. నా మొగుడు పొద్దున్నుంచీ కొడుతున్నాడు. తుమ్మ అంటే ముళ్లూ, ముడులూ. ఒక్కొక్క మొద్దు ఒక్కొక్క తగాదా. కాలికి హవాయి చెప్పులు. అడుగున ఇంకో మొద్దు వేసి దానిమీద నిలబెట్టి కొట్టాల్సింది. అతను నేల మీదే పడుకోబెట్టి, దొర్లకుండా ఎడమ పాదంతో తొక్కిపట్టి కొడుతున్నాడు. మా వైపు మగవాళ్లంతా అలాగే కొడతారు. తప్పని చెబితే, ఇంతకాలం కాళ్లు ఉన్నాయి కదా అంటారు.

మధ్యలో అన్నం తినడానికి పని ఆపి గొడ్డలిని పంచలో పడేశాడు. నేను దాటింది అప్పుడే. మా అత్త చూసింది. నోరు తెరిచి, చుట్టాలు ఎవరో వస్తుంటే మూసుకుంది.

అన్నం తిని అతను మళ్లీ వాకిట్లోకి పోయాడు. నేను పంచలో కూర్చుని బియ్యం ఏరుతున్నాను. అందుకే నాకు తెలుసు. ఆ వాకిట్లో జరిగింది చూసిన కళ్లు నావే.

రెండు మూడు దెబ్బలు వేసి ఆగాడు. గొడ్డలిని చూశాడు. నిలువుగా పట్టుకుని కామ అడుగును మొద్దుకు టకటకా తట్టాడు. తల కిందికి దిగి బిగుసుకోవాలని అలా తడతారు. తట్టి, గాలిలో ఆడించి చూశాడు. కిర్రుమన్న చప్పుడు పంచలో ఉన్న నాకే వినబడింది. ఆడించిన చేతికి తెలియకుండా ఎలా ఉంటుంది?

మళ్లీ ఎత్తాడు.

దెబ్బ దిగుతుండగా తల కర్ర మీద జరిగి పక్కకు తిరిగింది. అంచు ముడి మీద నిలవలేదు, జారింది. జారిన చోట అతని పాదం ఉంది.

అతను అరవలేదు. "అరెరె" అన్నాడు, చేతిలో నుంచి గ్లాసు జారిపడినప్పుడు అన్నట్టు. నేను గిన్నె ఎక్కడ పడేశానో నాకు తెలియదు. చెప్పు రెండుగా ఉంది. బొటనవేలి పక్కనుంచి పాదం మధ్యదాకా తెరుచుకుని ఉంది. తెల్లగా కనబడింది ఎముక అని ముందు తెలియలేదు, చెప్పు ముక్క అనుకున్నాను. తువ్వాలు చుట్టాను. ఎర్రగా అయింది. నా చీర కొంగు చుట్టి, పైన గట్టిగా అదిమిపట్టి, కాలు ఎత్తి నా ఒళ్లో పెట్టుకున్నాను. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే వస్తున్నామన్నారు. మా దారి తెలిసినవాళ్లెవరూ దానికోసం కూర్చోరు. పక్కింటి ఆటోలో ఎక్కించాం.

దారి పొడుగునా గుంతలు. ప్రతి గుంతకూ నా చేతుల కింద వెచ్చగా పొంగేది. అతని తల మా అత్త ఒళ్లో, కాలు నా ఒళ్లో. ఆమె కొడుకు నుదురు తుడుస్తూ ఒకటే మాట గొణుగుతోంది.

"దాటింది. నా కళ్లముంగటనే దాటింది."

"అత్తా, నోరు ముయ్యి. ఆయనకు సోయి తప్పుతున్నది, పేరు పెట్టి పిలువు."

పిలిచింది. పిలుపుకూ పిలుపుకూ మధ్య మళ్లీ అదే గొణుగుడు.

భద్రాచలంలో కడిగి, కుట్లు వేసి, అతనికి ఉన్న షుగర్ చూసి ఖమ్మం తీసుకుపొమ్మన్నారు. షుగర్ సంగతి రాయలేదు కదూ. ఉంది, చాలా కాలంగా. మామూలు మనిషికి అది లోతైన గాయం. ఇతనికి అది కాలు ఉంటుందా పోతుందా అన్న ప్రశ్న.

ఖమ్మం దవాఖానాలో నేను నేర్చుకున్నది వాసన. పొద్దున డ్రెస్సింగ్ విప్పుతుంటే, చూడకముందే వాసనతో తెలిసిపోయేది ఈ రోజు ఎలా ఉందో. వేళ్లు ముందు ఎర్రగా, తర్వాత నీలంగా, తర్వాత ఏ రంగూ కాకుండా అయ్యాయి. అతను పైన తిరిగే ఫ్యాన్‌ను చూస్తూ పడుకునేవాడు.

"అమ్మా, ఇన్ఫెక్షన్ ఎముక దాకా పోయింది" అన్నాడు డాక్టరు. "వేళ్లు తీసేయాలి. పాదం ముందు భాగం కూడా."

"తీసేస్తే ఆగుతదా?"

"ఆగాలి."

"ఆగుతదా అని అడుగుతున్న, సారూ. ఆగాలె అని నేను గూడ అనుకుంటున్న."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "చెప్పలేం అమ్మా. పైకి పాకితే మడమ పైన తీయాల్సి వస్తుంది."

నిజం చెప్పినందుకు ఆయన మీద కోపం రాలేదు. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక వరండాలోకి వచ్చాను. అక్కడ మా అత్త, పక్క మంచం రోగి భార్యకు కథ చెబుతోంది. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. చూపు నా పాదాల దగ్గర ఆగింది.

"ఏం చూస్తున్నవమ్మా?" అన్నాను. "విషం గిట్ల కారుతున్నదా?"

"చదువుకున్నదానివి గట్ల దాటొచ్చునా, చెల్లె?"

"నువ్వు మీ ఆయన మంచం దాటి బాత్రూముకు పోతలేవా? మరి ఆయనకేమైంది?"

ఆవిడ ఏడ్చింది. వాళ్లాయనకు చాలానే అయింది. నేను వెనక్కి తీసుకోలేదు, అక్కడ నిలబడనూ లేదు.

సంవత్సరీకం అనుకున్న రోజునే ఒక దాయాది చేత జరిపించారు. వంట గ్యాస్ బండ మీద చేశారట. అన్నం, పప్పు, గారెలు అన్నీ గ్యాస్ మీదే. వాకిట్లో కొట్టిన తుమ్మ కట్టెల్లో ఒక్కటి కూడా పొయ్యిలోకి పోలేదు. అది విన్న రోజు నేను దవాఖానా మెట్ల మీద కూర్చుని గోడకు తల కొట్టుకున్నాను. గట్టిగానే.

పాదం ముందు సగం తీసేశారు.

బట్టల కోసం ఒకసారి ఊరికి వచ్చినప్పుడు, వాకిట్లో గొడ్డలి ఎక్కడ పడిందో అక్కడే ఉంది. భయపడి ఎవరూ ముట్టుకోలేదు. నేను దాన్ని గోనెసంచిలో చుట్టాను. స్టూలు వేసుకుని అటక మీద చెయ్యి పెడితే కొత్త కామ దొరికింది. పొగకు ముదురు రంగు తిరిగి, తేలిగ్గా, బొగ్గు వాసన వేస్తూ. రెండూ పట్టుకుని భద్రాచలం బస్సెక్కాను. అక్కడ కొలిమి పెట్టుకున్న ముసలి చాచా దగ్గరే మామయ్య ఆ తల చేయించాడు.

చాచా సంచి విప్పగానే గుర్తుపట్టాడు. "ఇది నాదే, బిడ్డా. లారీ కమాను పట్టీతోటి చేసిన. పెద్దాయన పక్కన కూసోని కొట్టిచ్చుకున్నడు. ఇనుముకు ఏం కాలే, సూడు. ఇంకో మనిషి జమానా నడుస్తది."

"ఇనుముకు ఏం కాలేదు చాచా. కాలుకు అయింది."

ఆయన పాత కామను తల నుంచి బయటికి కొట్టాడు. కొట్టాడు అనడం కూడా ఎక్కువే. ఒక దెబ్బకే ఊడి వచ్చింది. తల లోపల ఉండే కర్ర ముక్క నల్లగా, మెత్తగా, పీచు పీచుగా ఉంది. గోరుతో గీస్తే ఊడుతోంది. బిగించడానికి కొట్టే చీల వదులై, దాని పక్కన ఒక మేకు, మేకు పక్కన ఇంకో మేకు. అన్నీ తుప్పు.

"నీళ్ల పెట్టిన్రా?"

"దినాం."

"గదే." ఆయన ఆ పీచును వేళ్ల మధ్య నలిపాడు. "అడవిల గూడేలోల్ల గొడ్డలి సూసినవా? కర్రను తల మీదికెల్లి కిందికి దింపుతరు, పై కొస లావుంటది. కొట్టినకొద్ది బిగుస్తది, ఊడిపోదు. మీది గట్ల కాదు. కిందికెల్లి ఎక్కిచ్చి చీల కొట్టుడు. చీల సచ్చినంక తల ఎవ్వరి మాట ఇనది."

"మరి మీరెందుకు గట్ల చెయ్యరు, అందరికీ?"

"అడిగినోడేడి, బిడ్డా? సన్నకర్ర కావాలె, సోకు కావాలె."

ఆయనతోనూ వాదించాను, అడగకపోయినా చెప్పాల్సింది కదా అని. ఆయన నవ్వి, కొత్త కామ ఎక్కించి, ఎండిన చీల బిగించి, అంచుకు అడ్డంగా ఒక తోలు ముక్క కట్టి ఇచ్చాడు. పాత కర్ర అక్కడే పొయ్యిలో పడేయబోతే లాక్కున్నాను. అది నా సాక్ష్యం.

ఇంటికి వచ్చాక దాన్ని మా అత్త ముందు పెట్టాను. అప్పటికి అతన్ని డిశ్చార్జి చేసి పంపారు. లోపల మంచం మీద ఉన్నాడు.

"చూడు అత్తా. లోపలంతా కుళ్లింది. నేను దాటకముందే కుళ్లింది. మామయ్య గూడ మార్చుమన్నడు. వద్దన్నది ఎవరు?"

ఆమె ఆ కర్రను చేతిలోకి తీసుకుంది. కుళ్లిన కొస వైపు చూడనే లేదు. మామయ్య అరచేతి గుంట ఎక్కడుందో వెతికి, అక్కడ తన బొటనవేలు పెట్టింది. నేను గెలిచానని అనుకున్నాను.

"నేను వద్దన్న మాట నిజమే" అంది. "నువ్వు దాటిన మాట గూడ నిజమే."

కర్రను ఒళ్లో పెట్టుకుని అటు తిరిగి కూర్చుంది. అప్పుడు నాకు అర్థమైంది, ఈ ముసలామె ఆ కథను ఎందుకు వదలదో. నా కాలు కారణం కాకపోతే ఆమె మాట కారణం కావాలి. ఈ వయసులో దాన్ని ఆమె ఎక్కడ పెట్టుకుంటుంది? అర్థమైంది. క్షమించానని రాయను. ఊరంతా నన్ను చూసి కాలు పక్కకు జరుపుకుంటోంది.

ఇప్పుడు కట్టెలు నేనే కొడుతున్నాను. పొలం బూట్లు వేసుకుంటాను. అడుగున వెడల్పాటి మొద్దు, దానిమీద నిలువుగా కట్టె. పాదాలు ఎడంగా, కట్టెకు దూరంగా. దెబ్బ గురి తప్పితే అడుగు మొద్దులో దిగాలి, నాలో కాదు. మొదలుపెట్టే ముందు కామ నిమిరి, తల ఆడించి చూస్తాను. ఊగితే ఆ రోజుకు పని లేదు. ఎండ ఎక్కాక మళ్లీ చూస్తాను. ఆడది గొడ్డలి పట్టిందేమిటని ఒకాయన దారిన పోతూ అన్నాడు. దగ్గరికొచ్చి చెప్పు, సరిగ్గా వినబడలేదన్నాను. రాలేదు.

నా మొగుడు పంచలో మంచం మీద నుంచి చూస్తుంటాడు. మిగిలిన సగం పాదం దిండు మీద ఉంటుంది. అది మానడం లేదు. అంచు దగ్గర మళ్లీ ఆ రంగు వస్తోంది. ఏ రంగూ కాని రంగు. రాత్రి పడుకునే ముందు నేను వంగి వాసన చూస్తాను. అతను కళ్లు మూసుకుంటాడు. ఖమ్మం మళ్లీ రమ్మన్నారు. ఈసారి ఎక్కడిదాకా తీస్తారో నేనూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

నేను అతన్ని అడిగేది ఒక్కటే. మొదట ఆటోలో అడిగాను, తర్వాత వార్డులో అడిగాను. నిన్న కట్టె పక్కన పెట్టి, గొడ్డలి అంచు గోడ వైపు తిప్పి, మంచం పక్కన కూర్చుని అడిగాను. అతను ఫ్యాన్ వైపు చూశాడు. పంచలో ఫ్యాన్ లేదు. ఉత్త దూలం ఉంది, దాన్ని చూశాడు. చూడనీ. అతను మళ్లీ ఖమ్మం పోయేలోపు నాకు జవాబు కావాలి.

ఆగినవ్. మొద్దుకు తట్టినవ్. ఆడించి చూసినవ్, కిర్రుమన్నది. తల నిలవదని నీ చేతికి తెలిసింది. తెలిసినంక, మళ్లెందుకు ఎత్తినవయ్యా?